టీవీలో కనిపించిన రస్సెల్

అమెరికాలోని డులుత్ ఊళ్లో రంగుల దుకాణంలో పనిచేసే రస్సెల్ హాల్వర్సన్, 1994లో ఒక కొత్తరకం టీవీ కార్యక్రమం కోసం ముక్కూమొహం తెలియని ఆరుగురితో మూడు నెలలు ఒకే ఇంట్లో, కెమెరాల ముందు గడిపాడు. అక్కడ గిన్నెలు తోమాడు, పోట్లాడాడు, పాటలు పాడాడు. టీవీవాళ్లు మాత్రం, గుడ్లు వేయిస్తూ అతనన్న "నాకు మగవాళ్లంటేనే ఇష్టం" అనే ఒక్క మాటనే వారం వారం చూపించారు. తిరిగొచ్చేసరికి ఊరంతటికీ అతను తెలుసు. కొందరు చేయి కలిపేవారు, కొందరు అతను కలిపిన రంగు వద్దనేవారు. ఎవరు ఎందుకు చూస్తున్నారో తెలియక అతనికి తల తిరిగేది.

ఒక మధ్యాహ్నం లైల్ అనే అరవై ఎనిమిదేళ్ల పెద్దాయన తెల్లరంగు కోసం వచ్చాడు. దుకాణంలో ఇంకెవరూ లేరని చూసుకుని గొంతు తగ్గించాడు.

"నేనూ నీలాంటివాణ్ణే బాబూ. ఇన్నేళ్లలో నీకే చెప్తున్నా. ఇప్పుడేం చెయ్యమంటావ్?"

రస్సెల్ తెల్లరంగు డబ్బాకి మూత బిగించాడు. "నేను టీవీలో కనపడ్డానంతేనండీ. నాకూ ఏం తెలీదు."

"పోన్లే, అన్నీ తెలిసినట్టు మాట్లాడలేదు నువ్వు," అని లైల్ డబ్బా తీసుకుని వెళ్లిపోయాడు.

శనివారం లైల్ తన భార్య డోరిస్‌ని వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు. ఆవిడ సంబరంగా కాగితం చాపింది. "నీ కార్యక్రమం అయితేగానీ ఈయన భోజనానికి లేచేవాడు కాదు. మా ఇద్దరి పేర్లూ రాసి సంతకం పెట్టు నాయనా."

లైల్ కుంచెల వైపు తిరిగి నిలబడ్డాడు. ఆవిడ ఆయన సంగతి తెలిసే అడుగుతోందా, తెలియకా? రస్సెల్ ఆమె ముఖంలోకి చూశాడు గానీ ఏమీ అంతుపట్టలేదు. రెండు పేర్లూ పక్కపక్కనే రాసి సంతకం పెట్టాడు. వాళ్లు వెళ్లాక కూడా, తను మేలు చేశాడో కీడు చేశాడో అతనికి తేలలేదు.