పదో నంబరు స్పానర్ దొరికేదాకా

నా మణికట్టు విరిగింది బాత్రూంలో. బండి మీద కాదు, బాత్రూంలో! ఈ ముక్క సునాబెడ క్వార్టర్లలో ఎంతమందికి చెప్పినా, "అయినా ఆడకూతురికి అంత బండేటమ్మా" అన్నవాళ్లే గానీ విన్నవాళ్లు లేరు.

ఫ్యాక్టరీలో నాది విమానం ఇంజన్లు బిగించే బెంచీ. చేతికట్టు విప్పాక నన్ను పనిముట్లు ఇచ్చి పుచ్చుకునే కౌంటర్లో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. తిరిగి బెంచీ దగ్గరికి వెళ్లాలంటే మా సూపర్‌వైజర్ సరేనని రాయాలి. సోమవారం అవునో కాదో రాయబోతున్నాడు. ఆయన మా నాన్నతో కలిసి పనిచేసిన మనిషి. గేటు లోపల సార్, గేటు బయట బాబాయ్. ఆ ముందు రోజు ఆదివారం, జోరువానలో మూడు బండ్ల మీద బయల్దేరాం: బాబాయ్, నేను, బెంచీ మీద నా పక్కన పనిచేసే నేస్తం.

సుంకి దగ్గర ఆంధ్రాలోకి దిగి, సాలూరు, పార్వతీపురం మీదుగా మళ్లీ ఒడిశాలోకి. రాయగడలో భోజనం, లక్ష్మీపూర్ ఘాటెక్కి ఇల్లు. మబ్బు రోడ్డు మీదకే దిగిపోయింది. ముందు బండి ఎర్రలైటు తప్ప ఏమీ కనబడదు. కాలర్లోంచి దిగిన నీళ్లు బూట్లలో చేరాయి. నాకు మాత్రం పండగే. ప్రతి మలుపులో బ్రేకు పట్టింది ఆ విరిగిన చెయ్యే కదా, ఇంకేం రుజువు కావాలి?

రాయగడలో అన్నం ముందు కూర్చుని బాబాయ్ తేల్చేశాడు. "కుర్సీకి ఏటి తక్కువమ్మీ? నీడపట్టున కూకుంటావు. సోమారం అదే రాసెత్తాను."

"నాను కూకోను బాబాయ్."

"మొండికెయ్యకు."

సగం అన్నం వదిలేసి లేచి చెయ్యి కడుక్కున్నాను.

లక్ష్మీపూర్ ఇంకా రాకుండానే ఘాట్లో బాబాయ్ బండి క్లచ్ వైరు తెగింది. నేస్తం దిగబోతే అడ్డం నిలబడ్డాను. "ఒద్దు తమ్ముడూ, నాను సేత్తాను." తువ్వాలు పరిచి, పనిముట్లు పేర్చి, గట్టిగా లెక్కపెట్టాను. ఏడు. వాళ్లిద్దరూ "ఏడు" అన్నారు. మా పనిలో అది ఆచారం. ఇంజన్లో పనిముట్టు మరిచిపోతే గాల్లో ఉన్నవాడి ప్రాణం పోతుంది. లెక్క కుదరందే ఎవరూ కదలరు.

వేళ్లు కొయ్యబారాయి, మణికట్టు సలిపింది, అయినా వెంట తెచ్చుకున్న కొత్త వైరు సరిగ్గా కూర్చుంది. మళ్లీ లెక్కపెడితే ఆరే. పదో నంబరు సైజు స్పానర్ లేదు.

మోకాళ్ల మీద కూర్చుని బురద కెలికాం. కాలువలో చేతులు పెట్టి దేవాం. సీటు విప్పి చూశాం. ఒక లారీ ఆగింది. "కణ హెలా?" ఏమైందని అడిగాడు డ్రైవరు. సంగతి చెబితే తన పెట్టెలోంచి అలాంటి స్పానరే తీసిచ్చాడు. ఇది కాదు, మాదే కావాలన్నాం. పిచ్చాళ్లను చూసినట్టు చూసి వెళ్లిపోయాడు.

"సెప్పేనా అమ్మీ," అన్నాడు బాబాయ్ జాలిగా. "నీ సేతికి తెలీకుండానే జారిపోనాది. బెంచీ మీదయితే ఏటయ్యేది?"

ఆ జాలికి ఒళ్లు మండిపోయింది. మండినా, లోపల భయమూ వేసింది. నిజంగానే జారిందేమో. నా చెయ్యి నన్ను మోసం చేసిందేమో.

చలికి చేతులు రెయిన్‌కోటు జేబుల్లో దూర్చుకున్నాను. అప్పుడు తట్టింది. మా పనిబట్టలకు జేబులుండవు, వాటిలోంచి ఏదైనా జారి ఇంజన్లో పడుతుందని కుట్టరు. ఏళ్ల తరబడి ఏ పనిముట్టు కనబడకపోయినా మేం నేలంతా వెతుకుతాం గానీ, జేబు తడుముకోవడం మాకు అలవాటే లేదు.

"బాబాయ్, నీ జేబు సూడు."

"నా జేబేటి?"

"సూడు ముందు!"

చెయ్యి పెట్టాడు. తీసిన చేతిలో స్పానర్. వైరు ఎక్కిస్తూ నేను వెనక్కి చూడకుండా అందించింది ఆయనకే. ముఖం తుడుచుకోవడానికి జేబులో వేసుకుని మర్చిపోయాడు. నేస్తం పగలబడి నవ్వాడు. నేను నవ్వలేదు.

"ఏడు," అన్నాను. "ఇప్పుడు సెప్పండి సార్. ఆ కుర్సీలో ఎవుల్ని కూకోబెట్టాల?"

గేటు బయట ఆయన్ని సార్ అనడం అదే మొదటిసారి. తల దించుకున్నాడు. "తప్పయిపోనాది. సంతకం ఎట్టెత్తానులే అమ్మీ."

"ఒద్దు. సిగ్గుపడి ఎట్టిన సంతకం నాకొద్దు. బెంచీ కాడ నిలబెట్టి పరీచ్చ ఎట్టండి."

సోమవారం పెట్టాడు. నేను కోరినట్టే, దయాదాక్షిణ్యం లేకుండా పెట్టాడు. చివర్లో కాగితం ముందేసుకుని, "నొప్పుందా?" అన్నాడు.

"ఉంది. ఉంటే? నాను బిగించిన నట్టు ఒక్కటి వదులుంటే సూపించండి."

ఆయన లేచి ప్రతి నట్టూ పట్టి చూశాడు. తర్వాత సరేనని రాశాడు.