రెండు ట్యాంకుల మీద ఒకే అక్షరం

నాలుగేళ్ళ కిందట, డిసెంబరు మొదటి బుధవారం, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు నేను తప్పు ట్యాంకు వాల్వు తెరిచాను. చిక్కబళ్ళాపురం దగ్గర ఒక వైన్ ఫ్యాక్టరీలో నన్ను సెల్లార్ సూపర్‌వైజరుగా వేసి అప్పటికి మూడు నెలలు. సెల్లార్ అంటే వైన్ నిలవుంచే చల్లని షెడ్డు. అంతకు ముందు పదిహేనేళ్ళు అక్కడే పైపులు మోశాను, ట్యాంకులు కడిగాను. ఏ ట్యాంకులో ఏముందో పలక మీద రాయడం సూపర్‌వైజరు పని. అక్షరం రానివాడికి ఆ పని ఇవ్వరు. అందుకని యాభై దాటాక నా భార్య దగ్గర కూర్చుని నేర్చుకున్నాను. ఆమె ఐదో తరగతి దాకా చదివింది.

ఆ రోజు రెండు తెల్ల వైన్లను కలపాలి. ఒకటి మిట్టేమరి వైపు ఎర్రనేలల్లో పండిన శెనిన్ ద్రాక్షది. జామపండు వాసన, నోట్లో మెత్తగా ఉంటుంది. రెండోది మురుగమల్ల వైపు తోటల సావిన్యాన్ ద్రాక్షది. తుంచిన పచ్చిమిరప తొడిమ వాసన, నిమ్మ పులుపు. సావిన్యాన్ మూడు పాళ్ళు ముందు తోడి, దాని మీద శెనిన్ ఏడు పాళ్ళు పోయాలి. మా వైన్ మేకర్ కావేరి మేడమ్ రుచి చూసి ఖాయం చేసిన పాళ్ళు అవి. రుచి చూడడమంటే నోట్లో తిప్పి ఉమ్మేయడం. మింగేవాడు ఆ పనికి పనికిరాడు.

మా ఊళ్ళలో శనివారాన్ని సనివారం అంటాము. నా నోటికి శెనిన్ కూడా సెనినే. పేరులో మొదటి అక్షరం చాలనుకుని రెండు పలకల మీదా 'స' ఒక్కటే రాశాను. ఏది ఎక్కడుందో గుర్తే కనుక మూడు నెలలు ఏమీ కాలేదు. ఆ వారం కడగడానికని ఆ రెండు వైన్లను ఒకదాని ట్యాంకులోకి ఇంకొకటి మార్చాము. నా చెయ్యి మాత్రం పాత చోటికే పోయింది.

పంపు నడిపే మునియప్ప అడగనే అడిగాడు. "యా స అన్నా? రెండింటికీ స నే రాసిండావే."

"కిటికీ పక్క స. నీ పంపు నువ్వు చూసుకోప్పా."

మూడు పాళ్ళు పోశాము. రెండో ట్యాంకు నుంచి ఐదు పాళ్ళు పోయాక గ్లాసులో పట్టి చూస్తే మిరప తొడిమ వాసన గుప్పుమంది. పాళ్ళు తిరగబడ్డాయి. కలిపిన వైన్‌ను విడదీయలేము.

"పంపు గేజీ చెడిపోయెనని చెబుదామన్నా," అన్నాడు మునియప్ప.

"దానికి నోరు లేదని దాని మీదికి తోసేదా?"

నేనే పోయి మేడమ్‌కు చెప్పాను. మళ్ళీ పైపులు మోయమంటారనుకున్నాను. మోయగలను. రెండేళ్ళు పొయ్యి ముందు కూర్చోబెట్టి దిద్దించిన మనిషికి ఏమని చెప్పాలి?

మిగిలిన శెనిన్ అంతా పోసినా, శెనిన్ ఏడు పాళ్ళకు సావిన్యాన్ మూడు కాదు, ఐదు. మేడమ్ ఆ లెక్కన గ్లాసులో కలిపింది, తిప్పింది, ఉమ్మింది. "పులుపు ముందుకొచ్చేసెనప్పా," అంది.

అప్పుడే, తోటలో ఆకు తీసే పని చేస్తున్న నా భార్య క్యారియరు తెచ్చింది. రాగిముద్ద, పితికిన పప్పు కూర, అంటే తొక్క వలిచిన అనపగింజలది. మేడమ్ చింతామణిలో అంగడివాళ్ళ బిడ్డ. అనపకాయ తొక్క మీది జిగురు, ఆ సొగడు వాసనకు ఆగలేక ఒక ముద్ద తిని, గ్లాసు ఎత్తింది. ఈసారి ఉమ్మలేదు.

"ఒట్టిగా తాగేవాళ్ళకు వద్దు. తింటా తాగేవాళ్ళకు వేరే పేరుతో పంపిస్తాము," అంది. తరువాత పలక చూపించి, "ఈ స మీకు ఎవురు నేర్పిరి నారాయణప్పా?" అని అడిగింది.

"నేనేమ్మా," అంది నా భార్య. "నా నోటికే రెండూ ఒగటే. ఇంగ ఆయప్పకు ఎట్ల తెలస్తాది?"

"మీ పేరేమమ్మా?"

"సాంతమ్మ."

"రాయండి."

చాక్‌పీసుతో రాసింది. శాంతమ్మ. నోరు పలకని అక్షరాన్ని చెయ్యి మరిచిపోలేదు. మేడమ్ దాని మీద వేలు పెట్టి, "శెనిన్‌కు ఇది," అంది.

ఉద్యోగం పోలేదు. తప్పు రిజిస్టరులో నా చేతిరాతతోనే ఉంది. నోటికి వచ్చినట్టు రాయకూడదు, పలక మీద పేరు మొత్తం రాయాలి, అనుమానం వచ్చి అడిగినవాణ్ణి కసరకూడదు. రిటైరయ్యేదాకా ఈ మూడూ పాటించాను.

ఆ రోజు అక్కడ ఉన్నవాళ్ళు: వైన్ మేకర్ కావేరి మేడమ్, పంపు మునియప్ప, సూపర్‌వైజరు నారాయణప్ప అనే నేను, నా భార్య శాంతమ్మ. పిలవడం ఇప్పటికీ సాంతమ్మ అనే. రాయడం శ తోనే.