వదిన చేతి మీద నా అంకె

ఆ బోనాల ఆదివారం మా వదిన చేతికి కట్టిన వాచీలో కనిపించిన డెబ్బై రెండు ఆమె గుండెది కాదు, నాది. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. ఎవరికీ చెప్పలేదు.

నాచారంలో ఒకే ఇంట్లో కింద అన్నా వదినా, పైన నేనూ నా భార్యా ఉంటాం. నేను ఆ స్మార్ట్ వాచీ కొన్నప్పటి నుంచి దాని గొప్పలు చెప్పని పూట లేదు. "ఇది చేతికుంటే దవాఖానాకు పోవుడే అక్కర్లే" అని కూడా అన్నాను.

బోనం ఎత్తడం ఏటా వదిన వంతు. ఆ ఏడు తలస్నానం చేసి, కాళ్లకు పసుపు రాసుకుని, బోనం కుండ ముందు అలాగే కూర్చుండిపోయింది.

"గుండె గుబగుబ అంటాంది. ఈసారి చెల్లెను ఎత్తుమనున్రి" అంది, నా భార్యను చూపిస్తూ.

అన్న నవ్వాడు. "ఏడాది పొడుగూత మంచిగనే ఉంటవు, బోనం నాడే గుబగుబ అంటదా? తమ్మీ, నీ గడియారం పెట్టి సూడు జర. దీని నాటకం తేలిపోతది."

వాచీ విప్పి ఆమె మణికట్టుకు కట్టాను. అక్కడ చిన్నప్పుడు పొడిపించుకున్న తేలు పచ్చబొట్టు ఉంది. వాచీ అడుగున వెలిగే పచ్చటి వెలుగు చర్మంలోకి పోయి, నెత్తురు కదలికను బట్టి గుండె వేగం లెక్కపెడుతుంది. పచ్చబొట్టు రంగు ఆ వెలుగును మింగేస్తుంది. వాచీతో వచ్చిన కాగితంలో చదివాను కూడా. తెర మీద డెబ్బై రెండు బూడిద రంగులో ఉంది. అంటే పాత అంకె, నా చేతి మీద ఉన్నప్పటిది.

"ఎంతుంది?" అన్నాడు అన్న.

"డెబ్బై రెండు. మంచిగనే ఉంది."

ఆ మాట అనేశాక అంకె పోయి రెండు అడ్డగీతలు వచ్చాయి. గబుక్కున వాచీ విప్పేశాను. ఫ్యాక్టరీలో నాది క్వాలిటీ పని. కొలిచే పరికరం సరిగా ఉందో లేదో చూడకుండా ఒక్క ముక్కను కూడా పాస్ చేయను. ఇంట్లో వదినను పాస్ చేసేశాను.

గుడి దగ్గర లైనులో బోనంతో నిలబడ్డ వదిన వణకసాగింది. ఒళ్లంతా చెమట, కళ్లు మూతలు పడుతున్నాయి. "అమ్మ వచ్చింది!" అని ఎవరో కేక పెట్టారు. డప్పులవాళ్లు ఆమె చుట్టూ చేరి ఇంకా గట్టిగా కొట్టారు. ఒకామె వేపమండతో నీళ్లు చల్లింది. అన్న చేతులు జోడించి "ఏం గావాల్నో చెప్పు తల్లీ" అంటున్నాడు. వదిన పెదాలు కదిలాయి. పక్కనున్న నాకొక్కడికే వినబడింది.

"నన్ను జర కూసోనియ్యున్రి."

నా భార్య బోనం అందుకుంది. నేను వదినను పట్టుకుని ఒక ఇంటి అరుగు మీద కూర్చోబెట్టాను. అప్పుడైనా చెప్పవలసింది. అందరూ అమ్మవారు పూనిందని దండం పెడుతుంటే నాకదే నయమనిపించింది.

తర్వాత వదిన ఎప్పుడు ఆయాసమని చెప్పినా అన్న నవ్వుతూ అనే మాట ఒకటే: "తమ్ముని గడియారం తెప్పియ్యాల్నా?" మొదట్లో ఆమె కూడా నవ్వేది. కొన్నాళ్లకు ఆయాసమని చెప్పడమే మానేసింది.

ఒక పొద్దున బట్టలు ఆరేయబోతూ మెట్ల మీద పడిపోయింది. ఉప్పల్‌లో దవాఖానాకు తీసుకుపోతే ఈసీజీ తీశారు. గుండె లయ తప్పి కొట్టుకుంటోందనీ, మందులతో అదుపులో ఉంటుందనీ, ముందే రావలసిందనీ డాక్టరు అన్నాడు.

"గడియారంల మంచిగనే సూపెట్టింది సార్" అన్నాడు అన్న.

డాక్టరు ఆమె మణికట్టు చూశాడు. "ఈ పచ్చబొట్టు మీదనా? దీని మీద సరిగ రాదు."

అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఫికర్ చెయ్యకు తమ్మీ. నీకేం తెలుసు పాపం."

ఆ చెయ్యి బరువు ఇల్లు చేరేదాకా దిగలేదు. వదినను మంచం మీద పడుకోబెట్టాక, అన్న కూడా అక్కడే ఉండగా చెప్పాను. ఆమెను నవ్వులపాలు చేసింది అందరి ముందే కదా.

"వదినా, నాకు తెలుసు. ఆ డెబ్బై రెండు నాది. నీ చేతికి ఏం రాలే. గడియారం గురించి అంత చెప్పుకున్న, ఇజ్జత్ పోతదని మంచిగనే ఉందన్న."

అన్న మందుల కవరు పక్కన పెట్టి వదిన కాళ్ల దగ్గర కూర్చున్నాడు. వదిన పచ్చబొట్టును బొటనవేలితో రుద్దుకుంది.

"నేను గూడ నమ్మిన. నాకే ఉత్తగ గట్ల అనిపిస్తాందేమో అనుకున్న" అంది.

"లేదు వదినా. నువ్వు చెప్పిందే నిజం. నేనే నిన్ను అబద్ధం జేసిన. తప్పైంది, మాఫ్ చెయ్యి."