నాయన నమ్మిన రోజు

మా నాయన మగ్గం మనిషి. బెంగళూరు పేటలో తాతల కాలం నుంచి పట్టుచీరలు నేసిన ఇల్లు మాది. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడ. నోట్లోంచి వచ్చే మాట ఏ భాషదో మాకే తెలియదు. నాయన జన్మలో సారాయి చుక్క ముట్టలేదు. కాఫీ రెండో లోటా తాగినా ఏదో తప్పు చేసినట్టు మొహం పెట్టేవాడు. అట్లాంటి మనిషికి లివరు చెడింది. ఎప్పుడో వచ్చి తగ్గినాయనుకున్న కామెర్లు పోయినట్టు నటించి, లోపలే కాపురం పెట్టినాయంట.

"అది తాగినోళ్ళకు వచ్చే రోగం కదప్పా," అని వీధిలో గుసగుసలు. నాయనకు అది గుచ్చుకునేది.

"తాగి తెచ్చుకున్నోడికి తాగిన సుఖమన్నా మిగులుతాది. నాకేం మిగిలింది పాపా?" అన్నాడు ఒకసారి.

నన్ను పాపా అనేవాడు. అప్పటికే నా తల సగం నెరిసింది. కార్పొరేషన్ బడిలో మూడో తరగతి పిల్లలకు పాఠాలు చెప్పేదాన్ని. పెళ్ళెందుకు చేసుకోలేదని అడిగినవాళ్ళకు ఒక్కొక్కరికి ఒక్కో కారణం చెప్పీ చెప్పీ, అసలుది ఏదో నేనే మర్చిపోయినాను. అబద్ధాలు చెప్పడం నాకు చిన్నప్పటి నుంచీ ఉన్న విద్య. ఎవరికీ నష్టం లేని రకం. కె.ఆర్.పురం బస్సులో డ్రైవరు దిగిపోయి టీ తాగుతుంటే, బస్సు తనంతట తానే కదిలి ప్రతి స్టాపులోనూ ఆగి జనాన్ని ఎక్కించుకుని పోయిందని చెప్తే మా మేనమామ నోరు తెరుచుకుని విన్నాడు. మర్నాడు ఆఫీసులో అందరికీ చెప్పినాడు కూడా.

నాయన దగ్గర మాత్రం నా ఆటలు సాగవు. మగ్గం మీద నుంచి తల ఎత్తకుండానే, "సుళ్ళు," అనేవాడు. అబద్ధానికి మా ఇంట్లో కన్నడ మాటే వాడుక. "బస్సు పోయింది సరే. రైటు రైటు అని ఎవరన్నారు?"

ఆ ఒక్క ప్రశ్నతో నా బస్సు పంక్చరయ్యేది.

పంతొమ్మిదివందల ఎనభైల మొదట్లో నాయన పొట్టలోకి నీరు చేరడం మొదలైంది. కాళ్ళు వాచినాయి. సర్కారు ఆసుపత్రిలో సూది గుచ్చి నీళ్ళు తీసి, ఉప్పు మానమన్నారు. పప్పు తగ్గించమన్నారు. ఉప్పులేని చారు పోసుకుని రాగిముద్ద మింగుతూ నాయన అమ్మ వైపు చూసే చూపు, దావా గెలిచినవాడిని ఓడినవాడు చూసే చూపులా ఉండేది. అమ్మ తల వంచుకుని తనూ ఉప్పులేని ముద్దే మింగేది. ఇద్దరికీ వేరువేరుగా వండొచ్చు కదమ్మా అంటే, "నాకూ ఇదే బాగుండాది," అనేది. అమ్మకు అబద్ధం చెప్పడం రాదు. అందుకే ఆ మాట అనేటప్పుడు నా వైపు చూసేది కాదు.

కుర్ర డాక్టరు ఒకాయన మమ్మల్ని పక్కకు పిలిచి ఓపికగా చెప్పినాడు. లివరు శుభ్రం చేయాల్సిన విషం రక్తంలోనే ఉండిపోయి తలకెక్కుతుందట. మనిషి మందగిస్తాడు, పగలు నిద్రపోతాడు, ఉన్నట్టుండి తికమక పడతాడు. రోజూ పొద్దున్నే చేతులు ముందుకు చాపించి, పోలీసు బండ్లను ఆపినట్టు అరచేతులు నిలబెట్టించి చూడండి, రెక్కలు కొట్టుకున్నట్టు ఆడితే వెంటనే తీసుకురండి అన్నాడు. ఏ వారమో అడగండి అన్నాడు.

ఆ వారం ప్రశ్నే మాకు తంటా అయింది.

"ఈ రోజు ఏ వారం నాయనా?"

"నాకేం తెలుసు? పడుగు ఎక్కించినప్పుడు మొదలు, చీర కోసినప్పుడు ముగింపు. మధ్యలో వారాలు ఎవరు లెక్కపెట్టినారు?"

నిజమే. రోగం లేని రోజుల్లో కూడా ఆయనకు వారం తెలిసేది కాదు. మరి తల తేటగా ఉందో లేదో తెలిసేదెట్లా? ఆలోచించి ఆలోచించి నా విద్యనే వాడినాను. రోజూ బడికి పోయేముందు మంచం పక్కన కూర్చుని ఒక అబద్ధం చెప్పాలి. పట్టుకుంటే తల బాగున్నట్టు. నమ్మితే ఆసుపత్రికి పరుగు.

మడివాళ చెరువులో చాకలివాళ్ళ చేతిలోంచి పట్టుచీర జారి చేప మింగిందనీ, నెల తర్వాత చేపను కోస్తే చీర మడత నలగకుండా బయటపడిందనీ చెప్పినాను.

"సుళ్ళు," అన్నాడు నాయన, చేతులు నిలబెట్టి చూపిస్తూనే. "నెల దినాలు నీళ్ళలో ఉంటే జరీ నల్లబడదా? అయినా పట్టుచీర చాకలికి వేసిన ఆ మహాతల్లి ఎవరు?"

వంటింట్లో అమ్మ గట్టిగా ఊపిరి వదిలింది. మా ఇంట్లో రోజు అట్లా మొదలయ్యేది.

ఎళనీరు సంగతి కూడా చెప్పాలి. లేత టెంకాయను మేము ఎళనీరు అంటాం. బెంగళూరులో రోగిని చూడటానికి వచ్చేవాళ్ళు అది లేకుండా గడప తొక్కరు. చలవ చేస్తుంది, అందులో ఉప్పు వేసిందెవరు అని అమ్మ రోజూ తాగించేది. ఒకనాడు నాయనకు కాళ్ళూ చేతులూ లేవలేదు, గుండె తడబడింది. ఆసుపత్రికి పోతే డాక్టరు తల పట్టుకున్నాడు. కిడ్నీలు కూడా మొరాయిస్తున్నాయి, ఎళనీరులో ఉండే పొటాషియం అవి బయటికి తోయలేవు, అదే గుండెకు ప్రమాదం, చుక్క కూడా వద్దన్నాడు. నీళ్ళు కూడా కొలిచి ఇవ్వాలన్నాడు. ప్రేమతో పోసింది విషమైందని అమ్మ రెండు దినాలు అన్నం తినలేదు. "నువ్వు పోస్తే తాగినాను. మళ్ళీ పోసినా తాగుతాను. లేచి తిను," అని నాయనే ఆమెను లేపినాడు.

చుట్టాలకు మాత్రం వద్దని చెప్పేదెట్లా? తెచ్చింది వెనక్కు పంపితే అలుగుతారు. అందుకని కొత్త వైద్యం కనిపెట్టినాను. "తెచ్చినవాళ్ళే రోగి ఎదురుగా కూర్చుని తాగాలంట. అది చూస్తే రోగికి చలవంట. పెద్ద డాక్టరు చెప్పినాడు," అన్నాను. మేనమామ భక్తిగా నమ్మినాడు. వచ్చినప్పుడల్లా నాయన ముందు కూర్చుని గుటక గుటకకూ, "ఎట్లుండాది బావా, చలవగా ఉండాదా?" అని అడిగేవాడు.

"ఇంకొకటి తాగు. ఇంకా కాళ్ళ దాకా దిగలేదు," అనేవాడు నాయన గంభీరంగా. దాహంతో ఎండిపోయిన పెదాలకు అమ్మ తడిగుడ్డ అద్దుతూ ఉంటే, ఆ గుడ్డ కిందే నవ్వేవాడు.

నాయన మంచం మగ్గం పక్కనే వేసినాము. పైకప్పులో ఒక గాజుపెంకు ఉండేది. పొద్దున్నే అందులోంచి వెలుతురు సరిగ్గా మగ్గం మీద పడేది. మగ్గం మీద సగం నేసిన చీర అట్లాగే ఉండింది. దాన్ని ముగించాలనే ఆశ ఆయనకు ఎప్పుడూ ఉండేది. కాళ్ళే దిగేవి కావు.

ఒకనాడు చెప్పినాను. "నాయనా, తెల్లవారుజామున చప్పుడైతే లేచి చూసినా. మగ్గం దానంతట అదే ఆడతా ఉండాది. జానెడు నేసేసింది."

సుళ్ళు అంటాడని చూసినాను. ఆయన మెల్లగా నా వైపు తిరిగినాడు.

"అట్లనా? అంచు ఏం రంగు?"

"మామిడిపండు రంగు," అన్నాను అలవాటుగా. అప్పుడు తట్టింది. వంటింట్లో అమ్మ చేతిలోంచి లోటా పడిన చప్పుడు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నేను కథ అక్కడే వదిలేసి ఆటో కోసం వీధిలోకి పరుగెత్తినాను.

ఆసుపత్రిలో కడుపు కడిగినారు, తియ్యటి మందు తాగించినారు. కొన్ని దినాలకు నాయన తేటబడినాడు. కానీ డాక్టరు నన్ను వరండాలోకి పిలిచి, కిడ్నీలు ఇంక కోలుకోవన్నాడు. మళ్ళీ ఇట్లా అయితే తీసుకురావచ్చు, గుచ్చి, కడిగి, కొద్ది దినాలు ముందుకు తోస్తాం, అంతకంటే ఏమీ లేదు అన్నాడు. ఆయన మొహమే ఏడ్చేట్టు ఉండింది.

ఆ మాట నాయనకు నేను చెప్పలేదు. నా మొహం ఆయనకు కొత్తా?

ఇంటికొచ్చిన మర్నాడు, అమ్మ పక్కనుండగానే అడిగినాడు.

"మగ్గం కథ నేను నమ్మినానంట కదా?"

"నమ్మినావు."

"ఎవరితోనూ అనొద్దు. పరువు పోతాది." మగ్గం వైపు చూసినాడు. "సగంలో వదిలేసి ఆటోకి పోయినావు. చీర ఏమైందో తెలియలేదు. ఈసారి నేను నమ్మితే లేయొద్దు పాపా. చివరిదాకా చెప్పు."

"ఈసారి నమ్మవులే నాయనా."

"సుళ్ళు," అన్నాడు.

అమ్మ తడిగుడ్డ పిండి మళ్ళీ తడిపింది.

ఆ తర్వాత రోజూ అబద్ధం చెప్పడానికి నాకు భయమయ్యేది. ఏనుగులు, బస్సులు, చేపలు, అన్నీ వరసగా వచ్చినాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ పట్టుకున్నాడు. పట్టుకునే గొంతు మాత్రం రోజురోజుకూ సన్నబడింది. చివరికి ఒక పొద్దున, గాజుపెంకు వెలుతురు ఇంకా గోడ మీదే ఉండగా, సర్జాపుర రోడ్డులో ద్రాక్షతోటకు రెక్కలొచ్చి ఎగిరిపోయిందన్నాను.

"అట్లనా," అన్నాడు నాయన. "పాపం."

చేతులు చాపమన్నాను. రెండు అరచేతులూ పిట్ట రెక్కల్లా ఆడినాయి.

నేను అమ్మ వైపు చూసినాను. నా కాళ్ళు అప్పటికే సగం లేచినాయి. చెప్పులు ఎక్కడున్నాయో కళ్ళు వెతుకుతున్నాయి. అమ్మ వచ్చి మంచం పట్టె మీద కూర్చుని, నా చెయ్యి పట్టుకుని కిందికి లాగింది.

"చెప్పు," అంది.

ద్రాక్షతోట వదిలేసి చీర కథ ఎత్తుకున్నాను. జన్మలో అంత జాగ్రత్తగా అబద్ధం చెప్పలేదు. ఆయన అడిగే ప్రశ్నలన్నిటికీ ముందే జవాబులు పెట్టినాను. పోగు తెగితే అతికిందెవరు, కండెలు చుట్టిందెవరు, జరీ ఎందుకు మాయలేదు, అన్నీ. ఎక్కడా కన్నం లేదు. అడిగేవాడు మాత్రం అడగలేదు. మామిడిపండు రంగు అంచు, చీర ఒళ్ళంతా కుంకుమ రంగు, కొంగు మీద హంసలు. చీర కోసి మడత పెట్టినాను. "దాన్ని అమ్మ కట్టుకుంది నాయనా," అన్నాను.

ఆయన చూపు అమ్మ కోసం వెతికింది. అమ్మ ఒంటి మీద ఉన్నది ఉతికి ఉతికి వెలిసిపోయిన నూలుచీర. ఆమె కొంగు సర్దుకుని, ఆయన కళ్ళలోకే చూస్తూ చెప్పింది.

"కట్టుకున్నా. ఇదే."

నాయన చాలాసేపు చూసినాడు.

"అంచు బాగా కుదిరింది," అన్నాడు.

తర్వాత మాటలు లేవు. నిద్రలో ఉన్నట్టే ఉండి, మరుసటి రోజు పోయినాడు.

దినాలప్పుడు మేనమామ వచ్చి అమ్మ పక్కన చాప మీద కూర్చున్నాడు. చేతిలో ఏమీ తేకుండా రావడం ఆయనకు అలవాటు లేదేమో, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాడు.

"చివర్లో బావ ఏమన్నా అన్నాడా అక్కా?"

"చీర అంచు బాగా కుదిరిందన్నాడు."

"ఏ చీర?"

అమ్మ మగ్గం వైపు చూసింది. సగం చీర దాని మీద అట్లాగే ఉంది.

"మీ బావ నాకోసం నేసింది," అంది.

సుళ్ళు అనాలని నోటిదాకా వచ్చింది నాకు. అనలేదు. మేనమామ మాత్రం తల ఊపి, కళ్ళు తుడుచుకున్నాడు.