మేడ మీది వైఫై

ఆళ్లగడ్డలో ఇంటర్నెట్టు పని అంటే పదిహేనేళ్లుగా ఫ్రాన్సిస్ పేరే చెబుతారు. కేబుల్ టీవీ రోజుల నుంచి స్తంభాలెక్కుతున్న మనిషి. ఊరి బయట డిగ్రీ కాలేజీలో గది గదికీ వైఫై పెట్టింది ఆయనే. అయితే గడప దాటితే సిగ్నలు అందదు. పిల్లలేమో మైదానంలో, మెట్ల మీద కూర్చుని చదువుకుంటామంటారు. ఆరుబయట కూడా వైఫై పెట్టించాలని ప్రిన్సిపాల్ భ్రమరాంబిక నిర్ణయించింది. ఆ పని తనకే వస్తుందని ఫ్రాన్సిస్ కాచుకుని కూర్చున్నాడు. మేడం మాత్రం నంద్యాల నుంచి సుజాతను పిలిపించింది.

సుజాత పరాయిదేం కాదు. ఆరేళ్ల కిందట ఫ్రాన్సిస్ కొట్లోనే పని నేర్చుకుంది. వైరు ఒలవడం చేతగాక వేళ్లు కోసుకున్న మనిషికి ఇప్పుడు నంద్యాలలో సొంత ఆఫీసు, కారు మీద పేరు.

"నీ కాడ నేర్చుకున్న పిల్లే గదా, ఏందీ ఏడుపు?" అంది భార్య హన్నమ్మ.

"నేర్పినోడు ఈడ ఉండంగా ఆడినుంచి పిలిపిస్తారా?" అన్నాడు.

పని జరిగిన రెండు రోజులూ ఏదో వంకతో కాలేజీకి పోయాడు. సుజాత ఫోను చేతబట్టుకుని మైదానమంతా తిరిగి, ఏ చోట సిగ్నలు ఎంతుందో కాగితం మీద రాసుకుంటోంది. తానెప్పుడూ కంటి అంచనాతోనే పని కానిచ్చాడు. ఆ కాగితం చూస్తేనే ఒళ్లు మండింది.

చివరికి ఆమె వానకు తట్టుకునే వైఫై బాక్సును మూడో అంతస్తు పైన పిట్టగోడకు బిగించింది. కింద నిలబడి చూస్తున్న ఫ్రాన్సిస్ కడుపు చల్లబడింది. అంత ఎత్తున పెడితే సిగ్నలు తలల మీదుగా దూరం పోతుందే గానీ గోడ కింద కూర్చున్నవాళ్లకు అందదు. కోయిలకుంట్లలో ఒక రైసుమిల్లు దగ్గర తానే ఆ తప్పు చేసి తిట్లు తిన్నాడు. చెబుదామని నోరు తెరిచాడు. మళ్లీ మూసుకున్నాడు.

అనుకున్నట్టే అయింది. మైదానం కొసన బ్రహ్మాండంగా వస్తోంది, మెట్ల దగ్గర సున్నా. వారం తిరక్కుండా మేడం ఫోను చేసింది. "ఆమె మూడుసార్లు వచ్చి సెట్టింగులు మార్చింది, కుదరలేదు. అది పీకేసి మీరే పెట్టండి."

ఫ్రాన్సిస్ పరుగున వెళ్లి మేడెక్కాడు. బాక్సు దగ్గర కూర్చుని చూశాడు. వైరు వెంట వాన నీళ్లు లోపలికి పోకుండా కింద వంపు తిప్పి కట్టి ఉంది. ఆ వంపు తాను నేర్పిందే. కానీ తన చేతిలో అది ఏనాడూ అంత పొందికగా రాలేదు. ఇన్నాళ్ల మంట పని పోయినందుకు కాదని అప్పుడు తెలిసింది. బాక్సు పీకితే పని తనదవుతుంది, ఆ పనితనం మాత్రం కాదు.

స్క్రూడ్రైవరు జేబులో పెట్టి ఫోను తీశాడు.

"సుజాతా, యాడుండావ్?"

"ఆఫీసులోనే అన్నా."

"బాక్సు మేడ మీద కాదమ్మే. మొదటి అంతస్తు సజ్జ కిందికి దించు. ఇంకోటి ఎదురు మూలన పెట్టు."

"నీకు మొదటి రోజే తెలుసా అన్నా?"

"తెలుసు."

"మరి చెప్పలేదేం?"

"ఓర్వలేకపోయినా."

మర్నాడు ఆమె వచ్చింది. ఇద్దరూ కలిసి బాక్సులు మార్చారు. మెట్ల మీద పిల్లల ఫోన్లన్నిటికీ సిగ్నలు అందింది. మేడం మెచ్చుకోబోతే సుజాత అడ్డం వచ్చింది. "ఇది మా ఫ్రాన్సిసన్న చెప్పిందే మేడం. నాకు పని నేర్పింది కూడా ఆయప్పే."

ఎంత తేలిగ్గా అనేసింది! ఆ పెద్దమనసు చూసి ఫ్రాన్సిస్‌కు మళ్లీ కుళ్లు పుట్టింది. కారులో దింపుతానంటే వద్దని నడిచి ఇల్లు చేరాడు.

ఇప్పుడు ఎక్కడ ఆరుబయలు పని తగిలినా ఆమె పిలుస్తుంది, ఆయన పోతాడు. సుజాత పని ఎట్ల చేసిందని హన్నమ్మ అడిగితే "బాగానే చేసింది" అంటాడు. ఆ మాట గొంతు దాటి రావడానికి ఇంకా కొంచెం సేపు పడుతుంది.