రెండు రాజ్యాల బూజు

మా బడిలో సైన్సు చెప్పే ఆవిడని పిల్లలు చాటుగా రాజ్యాల టీచరంటారు. జీవులన్నీ మూడు డొమైన్లు, వాటి కింద రాజ్యాలు అని మొదలుపెడితే గంట కొట్టినా ఆపదు. పుట్టగొడుగుని మొక్క అన్నవాడికి ఆ పూట మూడినట్టే. "దానికి ఆకుపచ్చదనం ఏదిరా? తన తిండి తను తయారుచేసుకోలేదు. దాని రాజ్యమే వేరు" అంటుంది. ఇంట్లో మాత్రం అత్తగారిదే రాజ్యం, అది వేరే సంగతి.

పై అధికారులు తనిఖీకి వస్తున్నారని తెలిసి, ల్యాబు శుభ్రం చేసే ఆయమ్మతో "ఎక్కడా బూజు కనపడకూడదు, మొత్తం తీసెయ్" అనేసి ఆవిడ క్లాసుకి పరిగెత్తింది. ఆయమ్మ చెప్పింది చెప్పినట్టు చేసే మనిషి. కర్రకి చీపురు కట్టి మూలల్లో సాలెగూళ్లు దులిపింది. తర్వాత అలమరలో గాజు పళ్లేల్లో బ్రెడ్డు ముక్కలు కనిపించాయి. వాటి మీదా బూజే. తీసి చెత్తబుట్టలో పారేసి, పళ్లేలు తళతళలాడేలా తోమిపెట్టింది. అది పదో తరగతి అమ్మాయి పోటీ కోసం ఓపిగ్గా పెంచుకున్న శిలీంధ్రం. ఆ పిల్ల ఏడుపు ఆపడం ఎవరి తరమూ కాలేదు.

హెడ్మాస్టరు గదిలో విచారణ జరిగింది. "టీచరమ్మే తియ్యమన్నారు" అంది ఆయమ్మ. అందరూ టీచరు వైపు చూశారు.

"నేనన్నది సాలెగూళ్ల గురించి సార్. ఆ మాత్రం తేడా తెలీకపోతే ఎలా?" అంది టీచరు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయమ్మని ల్యాబు నుంచి తీసేసి మరుగుదొడ్ల పనికి వేశారు.

'ఆ మాత్రం తేడా' అని విచారణలో తనన్న మాట టీచరుని వదల్లేదు. సాలీడుది ఒక రాజ్యం, శిలీంధ్రాలది ఇంకో రాజ్యం. రెంటినీ ఒక్క మాటలో కలిపేసింది తనే. బకెట్టు మోసుకుంటూ ఆయమ్మ ఎదురైతే సిగ్గుతో తల తిప్పుకునేది. చివరికి ఉండబట్టలేక హెడ్మాస్టరు దగ్గరకి వెళ్లింది. "తప్పు నాది సార్. బూజన్నాను గానీ ఏ బూజో చెప్పలేదు. పైగా ఆవిడ మీదకి నెట్టాను" అంది. ఆయమ్మని మళ్లీ ల్యాబుకి పంపారు.

టీచరు ఎదురెళ్లి క్షమించమంది. "అంత మాటెందుకమ్మా, నాకు చదువు లేక వచ్చిన తంటా" అంది ఆయమ్మ. కాదని ఎంత చెప్పినా వినలేదు.

పనిలోకి దిగుతుందనుకుంటే, చీపురు పట్టుకుని అక్కడే నిలబడిపోయింది. నల్లబల్ల కింద రాలిన సుద్దపొడి చూపించి, "అమ్మా, ఇది ఊడ్చెయ్యచ్చా?" అని అడిగింది.