మరకలమ్మ చేసిన ట్యాంకు

కట్టుడు పళ్ళు తయారుచేసే ల్యాబులో ఆవిడను అందరూ మరకలమ్మ అనేవారు. పళ్ళకు రంగు వేయడం ఆవిడ పని. అచ్చులోంచి వచ్చిన పన్ను సున్నం కొట్టిన గోడలా ఉంటుంది. అలాగే నోట్లో పెడితే ఎదుటివాళ్ళ చూపు ముందు దానిమీదే పడుతుంది. అందుకని సన్నని కుంచెతో చిగురు పక్కన కాస్త పసుపు, కొనమీద కాస్త బూడిదరంగు, మధ్యలో కనీకనిపించని ఒక గీత పెట్టి, అది నలభై ఏళ్ళు నమిలిన పన్నులా చేసేది.

"కొత్తదాన్ని కొత్తగా ఉంచడం ఎవరైనా చేస్తారమ్మా. దానికి వయసు ఇవ్వడం నీకే వచ్చు" అనేవాడు ల్యాబు పెద్దాయన.

పొద్దున్నే పనికి వెళ్ళేముందు దేవుడి ముందు నిలబడి తనవాళ్ళ పేర్లు ఒక్కొక్కటే చెప్పుకోవడం ఆవిడకు అలవాటు. ఆ వరుసలో మొదటి పేరు ఎప్పుడూ అన్నయ్యదే. తండ్రి పోయాక చెయ్యి పట్టుకుని బడికి తీసుకెళ్ళింది ఆయన. జ్వరం వస్తే నుదుటిమీద తడిగుడ్డ వేసిందీ ఆయనే. అవేవీ ఆవిడ మరిచిపోలేదు.

ఆ అన్నయ్య బీమా ఆఫీసులో గుమాస్తా. ఆదివారమైతే చాలు, క్లబ్బుకెళ్ళి బల్లమీద యుద్ధం చేసేవాడు. అరచేతిలో పట్టే ట్యాంకులు, లారీలు, జీపులు. పాచికలు వేసి, టేపుతో దూరం కొలిచి, ఒకరి సైన్యాన్ని ఒకరు పడగొట్టుకోవడం. తొమ్మిదేళ్ళ కిందట ఒకరోజు మొహం మాడ్చుకుని చెల్లెలి ఇంటికొచ్చాడు.

"నా ట్యాంకులు చూసి నవ్వుతున్నారే. షోరూమ్ నుంచి నేరుగా యుద్ధానికొచ్చాయా, రిబ్బన్ ఇంకా విప్పలేదా అంటున్నారు."

ఆవిడ ఒకదాన్ని తీసుకుని తిప్పి చూసింది. నున్నగా, పచ్చగా, పిల్లల బొమ్మలా ఉంది.

"ఇది ఎక్కణ్ణుంచి వచ్చింది అన్నయ్యా?"

"పెట్టెలోంచి."

"అది కాదు, యుద్ధంలో ఎక్కణ్ణుంచి? ఏరు దాటొచ్చిందా, ఎండలో నిలబడి ఉందా? ముందు ఆ సంగతి చెప్పు. మరక ఎక్కడ పెట్టాలో అప్పుడు చెప్తాను."

అలా మొదలైంది. అంచుల్లో పెయింటు లేచిపోయినట్టు స్పాంజి ముక్కతో అద్దేది. వాన నీళ్ళు ఎటు కారుతాయో ఆలోచించి బోల్టుల కింద తుప్పు చారలు దించేది. సైనికుడు కాలు పెట్టి ఎక్కేచోట ఇనుము అరిగిన మెరుపు తెచ్చేది. చివరికి మెత్తని రంగుపొడితో దుమ్ము. ఆ దుమ్ము ఒక రాత్రి కుదురుకున్నాక మెరుపు లేని వార్నిష్ పిచికారీ చేస్తే అంటుకుపోతుంది. అంతవరకు ఎవరూ ముట్టుకోకూడదు. తప్పదనుకుంటే అడుగున వేళ్ళు పెట్టి ఎత్తాలి. ఈ మాట అన్నయ్యకు వందసార్లు చెప్పి ఉంటుంది.

ఈ తొమ్మిదేళ్ళలో అలా నలభై రెండు బళ్ళు అయ్యాయి. "నేనూ ఒకసారి వచ్చి ఆ బల్ల చూడొద్దూ?" అని అడిగితే, "అక్కడికి ఆడవాళ్ళెవరూ రారమ్మా, అంతా సిగరెట్ కంపు" అనేవాడు. సరేలే అనుకునేది.

ఈ ఏడు క్లబ్బువాళ్ళు ఒక హాలు తీసుకుని ప్రదర్శన పెట్టారు. రంగుల పనికి విడిగా పోటీ. అన్నయ్య తనంతట తానే అన్నాడు: "కార్డుమీద నీ పేరు రాయిస్తానే. ముక్కలు అతికించింది నేను, రంగులు నువ్వు. నలుగురూ చూడనీ."

మరకలమ్మ ఆ మాటకు మురిసిపోయింది. పాతికేళ్ళుగా ఆవిడ చేసిన పని ఎవరి కంటా పడకుండా ఉండడమే ఆవిడ పనితనం. పక్కన తన పేరున్న పని ఒక్కటీ లేదు.

మూడు నెలలు కూర్చుని ఏరు దాటొచ్చిన ట్యాంకు చేసింది. చక్రాల దగ్గర తడి బురద, పైకి వెళ్ళేకొద్దీ ఎండిన మట్టి. శుక్రవారం సాయంత్రం ఎర్రటి దుమ్ము అద్ది, "రేపు మధ్యాహ్నం ల్యాబునుంచి రాగానే వార్నిష్ కొడతాను. పోటీ ఆదివారమేగా?" అంది.

"ఆదివారమే, కంగారేం లేదు" అన్నాడు అన్నయ్య.

శనివారం మధ్యాహ్నం ఇంటికొస్తే బల్ల ఖాళీగా ఉంది.

"మీ అన్నయ్య పొద్దున్నే నా దగ్గర తాళం తీసుకుని పట్టుకెళ్ళాడమ్మా. పోటీ ఇవాళేనటగా" అంది కిందింటావిడ.

పోటీ ఏ రోజో తనే పొరబడ్డాననుకుంది ఆ పిచ్చితల్లి. అయ్యో, దుమ్ము రాలిపోతుందేమో అని వార్నిష్ డబ్బా సంచీలో వేసుకుని బస్సెక్కింది.

హాలు గుమ్మంలోనే కాళ్ళు ఆగిపోయాయి. లోపల బల్లల ముందు నలుగురైదుగురు ఆడవాళ్ళు కుంచెలు పట్టుకుని కూర్చున్నారు. ఒకామె పాచికలు విసిరి పగలబడి నవ్వుతోంది. సిగరెట్ కంపు ఎక్కడా లేదు.

నాలుగడుగులు వేసి చూస్తే, ట్యాంకు ముందు కార్డుమీద ఒక్కటే పేరు, అన్నయ్యది. అన్నయ్య ఇటు వీపు పెట్టి, చుట్టూ చేరినవాళ్ళకు చెబుతున్నాడు.

"ముందు నన్ను నేనే అడుగుతానండీ, ఇది ఎక్కణ్ణుంచి వచ్చిందీ అని. ఏరు దాటిందా, ఎండలో నిలబడిందా? అది తెలిస్తేనే మరక ఎక్కడ పెట్టాలో తెలుస్తుంది."

తన మాటలు అన్నయ్య నోట్లోంచి పొల్లుపోకుండా వస్తున్నాయి. మరకలమ్మ అక్కడే నిలబడి విన్నది.

పోటీకి వచ్చినవాటిని పరీక్షించే పెద్దామె తెల్లని చేతి తొడుగులు వేసుకుని ట్యాంకును ఎత్తింది. తొడుగులు ఎర్రబడ్డాయి.

"ఇదేంటండీ, చేతికంటుతోంది? వార్నిష్ వేయలేదా? ఈ పక్కన బొటనవేలి ముద్ర కూడా పడింది."

అన్నయ్య ఒక్క క్షణం తడబడ్డాడు.

"ఆ దుమ్ము... మా చెల్లెలు అద్దిందండీ. ఇంట్లో ఊరికే కూర్చోలేక నా పనిలో చెయ్యి పెడుతుంది. వద్దంటే వినదు, పిచ్చిది."

అందరూ నవ్వారు. మెప్పు ఒక్కటే తీసుకుని ఉంటే ఆవిడ ఓర్చుకునేదేమో. గోడ పట్టుకుని నిలబడింది. టీ పోసే ముసలామె చూసి కుర్చీ జరిపింది, గ్లాసుతో నీళ్ళిచ్చింది.

"ఎండ దెబ్బా తల్లీ?"

"కాదమ్మా."

"సరే, కూర్చో" అని, ఇంకేమీ అడగకుండా పక్కనే నిలబడింది.

ఆదివారం పొద్దున అన్నయ్య పెట్టె పట్టుకుని వచ్చాడు.

"బహుమతి రాలేదే. పొడి రాలిపోయిందన్నారు. నువ్వు వార్నిష్ ముందే కొట్టాల్సింది."

"నేను హాలుకొచ్చాను అన్నయ్యా."

మూత తీస్తున్న చెయ్యి ఆగింది. "ఎప్పుడూ?"

"నువ్వు పిచ్చిది అన్నప్పుడు. పోటీ ఆదివారమని నాకెందుకు చెప్పావు?"

అన్నయ్య ట్యాంకును పెట్టెలోంచి తీసి బల్లమీద పెట్టాడు. "అబ్బా, నలుగురిలో ఏదో నోరు జారింది. పేరుదేముందే, మనిద్దరం వేరా? ఆ వేలిముద్ర తుడిచి, మళ్ళీ దుమ్ము అద్దిపెట్టు. వచ్చే ఆదివారం ఆటుంది."

ఆవిడ అడుగున వేళ్ళు పెట్టి ట్యాంకును మెల్లగా ఎత్తి, కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. డబ్బా ఊపి పిచికారీ కొట్టింది.

"అయ్యో, ఆగవే! ముద్ర అలాగే అతుక్కుపోతుంది!"

"అతుక్కోనీ అన్నయ్యా. ఈ రంగుల్లో నీ చెయ్యి పడింది అదొక్కచోటే. దాన్నెందుకు చెరపడం?"

అన్నయ్య అది ఆరేదాకా తలెత్తకుండా కూర్చుని, పెట్టెలో పెట్టుకుని వెళ్ళిపోయాడు.

సోమవారం పొద్దున మరకలమ్మ దేవుడి ముందు నిలబడింది. మొదటి పేరు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ల్యాబు పెద్దాయన పేరు చెప్పుకుంది, కిందింటావిడ పేరు చెప్పుకుంది. టీ పోసే ముసలామె పేరు తెలియక, "నీళ్ళిచ్చిన ఆ తల్లి" అంది. అందరి పేర్లూ అయిపోయాక చాలాసేపు ఊరకే నిలబడి, చిట్టచివర అన్నయ్య పేరు చెప్పింది. అప్పటికి ల్యాబుకెళ్ళే బస్సు వెళ్ళిపోయింది.